పల్లీలు ఏ దేశానికి పంపాలి?

శీనూ,

ఎట్లున్నావ్ రా? ఇక్కడ వనపర్తిలో యాసంగి పల్లికాయ మార్కెట్‌కు వస్తోంది, మిల్లులో తీరిక లేదు. అయినా ఈ సంగతి నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

ఈసారి పల్లీలు మేమే ఎగుమతి చేద్దామని మామ, నేను అనుకున్నాం. ఏ దేశానికి అన్న దగ్గరే పేచీ. రేటు బాగుంటుందని మామ యూరప్ అంటాడు. మన పల్లీలు ఏళ్లుగా ఎక్కువ కొంటున్నారు కాబట్టి నేను ఇండోనేషియా అంటాను. చివరికి ఏది ఎంచుకోవాలో అంకెలతో తేల్చే ఏహెచ్‌పీ (అనలిటిక్ హైరార్కీ ప్రాసెస్) పద్ధతి పట్టుకున్నా. 1970లలో థామస్ సాటీ అనే ఆయన తెచ్చింది. రెండేసి విషయాలు పక్కపక్కన పెట్టి, ఏది ఎంత ముఖ్యమో 1 నుంచి 9 దాకా అంకె వేయాలి. మామ "పేమెంట్ కంటే రేటు ముఖ్యం, రవాణా కంటే పేమెంట్ ముఖ్యం" అన్నాడు. ఐదు నిమిషాలాగి "రేటు కంటే రవాణా ముఖ్యం" అన్నాడు! ఇలాంటి పొంతన లేని మాటలను ఆ లెక్కే పట్టేస్తుంది. ఆ పొంతనలేమిని కొలిచే నిష్పత్తి 0.10 దాటితే మళ్లీ ఆలోచించుకోవాల్సిందే.

మళ్లీ కూర్చుంటే పదిలో రేటుకు 4, పేమెంట్‌కు 3, రవాణాకు 2, ల్యాబ్ పరీక్షకు 1 వెయిటేజీ తేలింది. యూరప్‌కు మేం వేసిన మార్కులు వరసగా 9, 9, 4, 1. వాటిని వెయిటేజీతో గుణించి కలిపితే మొత్తం 72. ఇండోనేషియాకు 6, 6, 8, 7. మొత్తం 65. మామ మీసం మెలేశాడు.

నేను గోదాంలోంచి పిడికెడు గింజలు తెచ్చి టేబుల్ మీద పోశా. గోటితో చీలిస్తే రెండు గింజల్లో బద్దల మధ్య పచ్చటి బూజు. యూరప్‌లో నేరుగా తినే పల్లీల్లో అఫ్లటాక్సిన్, అంటే ఇలాంటి బూజు వల్ల పుట్టే విషం, మొత్తం కిలోకు 4 మైక్రోగ్రాములు దాటకూడదు. దాటితే కంటైనర్ ఆగిపోతుంది. అంత గండానికి మేం ఇచ్చిన 1 మార్కును రేటుకు వచ్చిన 9 కప్పేసింది రా! పరీక్షను మార్కుల్లో కలపడమే మేం చేసిన తప్పు. అది ముందు దాటాల్సిన గేటు. దాటిన దేశాలకే మార్కులు. ఈ ఏడు యూరప్‌ను పక్కన పెట్టాం.

ల్యాబ్ గడి తీసేశాక ఇండోనేషియాకు 58, మూడో దేశంగా చూసిన వియత్నాంకు 7, 4, 8 మార్కులతో 56. కానీ రేటుకు 5, పేమెంట్‌కు 2 వెయిటేజీ ఇచ్చి చూస్తే వియత్నాం 59తో పైకొచ్చింది, ఇండోనేషియా 58 దగ్గరే ఉంది. అంటే మా నిర్ణయమంతా పేమెంట్ మీదే వేలాడుతోంది. అందుకే రెండు దేశాల కొనుగోలుదారులనూ ఎల్సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే షరతుల ప్రకారం కాగితాలు ఇస్తే డబ్బు కడతానని బ్యాంకు ఇచ్చే హామీ) అడిగాం.

నల్లగొండ బ్యాంకులో రోజూ ఆ కాగితాలు చూసేవాడివి నువ్వు. ఎల్సీలో ఏ షరతు దగ్గర జాగ్రత్త పడాలో వెంటనే రాయి.

నీ
రాజు