ఏటీపీ ఫైనల్స్‌కు మట్టి కోర్టు ఎందుకు వద్దు?

సంపాదకుల వారికి నమస్కారాలు.

2025 నవంబరు 16న ఇటలీలోని టూరిన్‌లో జరిగిన ఏటీపీ (పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం) ఫైనల్స్ తుది పోరులో యానిక్ సినర్ 7-6, 7-5తో కార్లోస్ అల్కరాస్‌ను ఓడించి, వరుసగా రెండో ఏడాదీ టైటిల్ నిలబెట్టుకున్నాడు. మీ పత్రికతో పాటు అన్ని పత్రికలూ ఆ వార్తను వేశాయి. తొలి సెట్‌లో తనకు ఎదురైన సెట్ పాయింట్ (ఆ పాయింటు పోతే సెట్ పోయే దశ) దగ్గర రెండో సర్వ్‌నే బలంగా కొట్టి బయటపడిన సినర్ తెగువను చూసిన వారెవరూ ఆ గెలుపును తక్కువ చేయలేరు. నేనూ చేయడం లేదు. అయితే అదే ఏడాది రోమ్ టోర్నీ ఫైనల్లోనూ, అయిదు గంటల 29 నిమిషాలు సాగిన ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లోనూ ఇదే సినర్‌ను ఎర్రమట్టి మీద ఓడించినవాడు అల్కరాస్. ఏడాది పొడవునా మట్టి, పచ్చిక, సిమెంటు లాంటి గట్టి నేల (హార్డ్ కోర్టు) అనే మూడు రకాల నేలల మీద ఆడిన ఆటగాళ్లలో మేటి ఎవరో తేల్చే పోటీని మాత్రం ఇప్పుడు ఏటా హార్డ్ కోర్టు మీదే, అదీ పైకప్పు కింద నిర్వహించడం ఎంతవరకు న్యాయమో మీ పాఠకుల దృష్టికి తీసుకురావాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఇది ఏదో ప్రదర్శన పోటీ కాదు. ఏడాదిలో అత్యుత్తమంగా రాణించిన ఎనిమిది మందిని రెండు గ్రూపులుగా చేసి ఆడించే ఈ టోర్నీలో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా నెగ్గినవాడికి 1500 ర్యాంకింగ్ పాయింట్లు దక్కుతాయి. 2025లో సినర్ అలాగే నెగ్గి 50 లక్షల 71 వేల డాలర్లు అందుకున్నాడు. గ్రాండ్‌స్లామ్‌ల (ఏటా జరిగే నాలుగు అతి పెద్ద టోర్నీల) తర్వాత పురుషుల సింగిల్స్‌లో ఇంతకు మించిన కిరీటం లేదని ఏటీపీయే చెప్పుకుంటుంది.

1970లో టోక్యోలో మొదలైన ఈ పోటీ ఎన్ని ఊళ్లు తిరిగిందో చూస్తే నిర్వాహకులకు మార్పు కొత్త కాదని అర్థమవుతుంది. పారిస్, బార్సిలోనా, బోస్టన్, స్టాక్‌హోమ్ దాటి 1977 నుంచి 1989 వరకు న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో స్థిరపడింది. ఆ తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్, హనోవర్, లిస్బన్, సిడ్నీ, షాంఘై నగరాలకు వెళ్లింది. 2009 నుంచి పన్నెండేళ్లు లండన్‌లో ఉండి, 2021లో టూరిన్‌కు చేరింది. ఇన్ని ఊళ్లు మారినా ఆరుబయట ఆడింది మూడు సార్లే: 1974లో మెల్‌బోర్న్ పచ్చిక మీద, 2003, 2004లలో హ్యూస్టన్ హార్డ్ కోర్టు మీద. మట్టి మీద ఒక్కసారీ లేదు. యాభై అయిదేళ్లు దాటిన చరిత్రలో ఒక్కటంటే ఒక్కసారి కూడా లేదు.

నేల మారితే ఆట ఎంత మారుతుందో టీవీ ముందు కూర్చుంటే పూర్తిగా తెలియదు. మా ఊరి క్లబ్బులో మట్టి కోర్టు బాగోగులు చూసే బాధ్యత కొన్నేళ్లు నా మీద ఉండేది. తెల్లవారుజామునే నీళ్లు చల్లి, తడి కాస్త ఆరాక ఇద్దరం కలిసి రోలరు లాగి, సున్నంతో గీతలు దిద్దిన తర్వాతే ఆట మొదలయ్యేది. ముందు రోజు నీళ్లు సరిగా పడకపోతే బంతి ఒకలా, ఎక్కువైతే మరొకలా లేచేది. సిమెంటు కోర్టు మీద నాలుగు సర్వ్‌లతో గేమ్ ముగించే కుర్రవాడు మా కోర్టులో ఒక్క పాయింటు కోసం పది పదిహేను షాట్లు ఆడి రొప్పుతూ నిలబడేవాడు. బంతి గీత మీద పడిందా, బయట పడిందా అని పేచీ వస్తే నెట్ దాటి వెళ్లి మట్టి మీద గుర్తు చూసుకునేవాళ్లం. మట్టి వేగాన్ని తగ్గిస్తుంది, బంతిని ఎత్తుకు లేపుతుంది. ఓపికను, కాళ్ల బలాన్ని, పాయింటును అల్లుకునే తెలివిని అడుగుతుంది. గాలి, ఎండ సోకని హాల్లో హార్డ్ కోర్టు మీద బలమైన సర్వ్‌కు, సూటిగా కొట్టే షాట్‌కు దొరికే అండ ఇక్కడ దొరకదు. ఈ రెండూ టెన్నిస్సే. కానీ కిరీటం మాత్రం ఎప్పుడూ ఒకవైపే ఉంటోంది.

దీని నష్టం ఎంతో చెప్పడానికి రఫెల్ నాదల్ కంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. 14 ఫ్రెంచ్ ఓపెన్‌లతో కలిపి 22 గ్రాండ్‌స్లామ్‌లు గెలిచి, 2005 నుంచి 2020 దాకా వరుసగా పదహారేళ్లు ఈ పోటీకి అర్హత సాధించిన నాదల్ ఒక్కసారి కూడా ఈ కప్పు ఎత్తలేకపోయాడు. 2010లో ఫెదరర్ చేతిలో, 2013లో జకోవిచ్ చేతిలో ఫైనల్లో ఓడాడు. ఎప్పుడూ ఇండోర్ హార్డ్ కోర్టే కాకుండా వేర్వేరు నేలల మీద ఈ పోటీ పెట్టాలని అతడే బహిరంగంగా కోరాడు. అది ఓడినవాడి సాకు అన్నవాళ్లున్నారు. నాకు అలా అనిపించలేదు, ఇప్పటికీ అనిపించడం లేదు. మట్టి వీరులు ఇక్కడ అసలే గెలవలేదని నేను అనను. 1974లో గిలెర్మో విలాస్ పచ్చిక మీద నెగ్గాడు. 1998లో కొరెత్యా హనోవర్‌లో రెండు సెట్లు వెనకబడి కూడా గెలిచాడు. 2000లో కుయెర్టెన్ లిస్బన్‌లో సంప్రాస్‌ను, అగస్సీని వరుసగా ఓడించి ఏడాదిని నంబర్‌వన్‌గా ముగించాడు. మట్టి మీద పెరిగినవాళ్లు వేరే నేల మీదకు వచ్చి ఇన్నిసార్లు నిరూపించుకున్నప్పుడు, హార్డ్ కోర్టు మీద ఆరితేరినవాళ్లను ఒక్క నవంబరులోనైనా మట్టి మీద నిరూపించుకోమని అడగడం తప్పెలా అవుతుంది?

నవంబరులో ఐరోపాలో చలి, వాన ఉంటాయి కాబట్టి మట్టి కుదరదని చెబుతారు. వాన భయం నిజమే. 2004లో హ్యూస్టన్‌లో ఆరుబయట జరిగిన ఫైనల్ వాన వల్ల ఆలస్యమై, అయిదు సెట్ల పోరును మూడు సెట్లకు కుదించాల్సి వచ్చింది. అయితే మట్టి అంటే ఆరుబయటే అని ఎవరన్నారు? 2014 నవంబరు 21 నుంచి 23 వరకు, ఉత్తర ఫ్రాన్స్‌లోని లీల్ నగరంలో, పైకప్పు మూసిన ఫుట్‌బాల్ స్టేడియంలో ఎర్రమట్టి పరిచి దేశాల జట్లు తలపడే డేవిస్ కప్ ఫైనల్ ఆడించారు. 27 వేల మందికి పైగా ప్రేక్షకులు వచ్చారు. సరిగ్గా వారం ముందు లండన్‌లో నడుము నొప్పితో ఏటీపీ ఫైనల్స్ తుది పోరు ఆడలేక, వార్మప్ దుస్తుల్లోనే కోర్టులోకి వచ్చి ప్రేక్షకులకు క్షమాపణ చెప్పుకున్న ఫెదరర్, ఆ మట్టి మీదే ఫ్రాన్స్ ఆటగాడు గాస్కెను వరుస సెట్లలో ఓడించి స్విట్జర్లాండ్‌కు కప్పు అందించాడు. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో మహిళల టోర్నీ ఏటా ఏప్రిల్‌లో హాల్లోనే మట్టి మీద జరుగుతోంది. కాబట్టి అడ్డు వాతావరణం కాదు, అలవాటు.

సీజన్ చివర్లో అలసిన ఆటగాళ్లకు నేల మార్పు గాయాలు తెస్తుందన్న వాదనను మాత్రం నేను తేలిగ్గా కొట్టిపారేయను. గ్రాండ్‌స్లామ్‌ల తర్వాతి స్థాయివైన తొమ్మిది మాస్టర్స్ టోర్నీల్లో ఏడు పన్నెండు రోజుల టోర్నీలయ్యాక ఆ అలసట ఇంకా పెరిగింది. 2025లో జకోవిచ్ టూరిన్‌కే రాలేదు. అల్కరాస్ తొడ కండరం పట్టేయడంతో ఆ తర్వాతి వారం డేవిస్ కప్‌కు దూరమయ్యాడు. కానీ ఈ గాయాలన్నీ ఇప్పుడున్న పద్ధతిలోనే అయ్యాయి. మట్టి వంతు వచ్చిన ఏడాది ముందు రెండు మూడు వారాల టోర్నీలను కూడా మట్టి మీదకు మార్చుకోవచ్చు. ఆ సంగతి ఏడాది ముందే ప్రకటిస్తే ఎవరూ తడబడరు. నాలుగేళ్లకు ఒకసారి చాలు, అంతకన్నా అడగను.

ఇటలీతో కుదిరిన ఒప్పందం 2030 దాకా ఉంది. ఆ తర్వాతి ఆతిథ్యం కోసం నగరాలు బిడ్లు వేసే ముందే ఈ మాట చెవిన పడాలి. మన దేశం నుంచి చెబితే ఎవరు వింటారని అనుకోనక్కర్లేదు. 1990లో ఏటీపీ టూర్ మొదలైన రోజుల్లో ఆటగాళ్ల మండలికి అధ్యక్షుడు మన విజయ్ అమృతరాజ్ గారే. 2014, 2015లలో మహిళల సీజన్ ముగింపు పోటీలో డబుల్స్ టైటిల్ నెగ్గిన సానియా మీర్జా మన హైదరాబాద్ అమ్మాయి. ఇలాంటివారి అభిప్రాయం మీ విలేకరులు అడిగి ప్రచురిస్తే చర్చ మొదలవుతుంది. మరో చిన్న విన్నపం. వచ్చే నవంబరులో ఫలితాలు వేసేటప్పుడు స్కోరు పక్కన ఆ మ్యాచ్ ఏ రకం కోర్టు మీద జరిగిందో కూడా ఒక్క మాటలో ముద్రించగలరు.

ఇట్లు,
మీ పాఠకుడు, కాకినాడ