ఆదివారం రెక్కకు ఇసుక బస్తాల పరీక్ష

అందరికీ నమస్కారం!

మన రెండు సీట్ల అల్ట్రాలైట్ (తేలికపాటి చిన్న విమానం) రెక్కకు లోడ్ టెస్ట్ ఈ ఆదివారం ఉదయం 7 గంటలకు, షెడ్‌లోనే. ఎగిరేటప్పుడు గాలి రెక్కను పైకి నెడుతుంది కాబట్టి, రెక్కను తలకిందులుగా బిగించి పైన బస్తాలు పేరుస్తాం. విమానం మొత్తం బరువు 450 కిలోలు అనుకుంటే 4 జీ (అంటే బరువుకు నాలుగు రెట్ల భారం) దగ్గర 1800 కిలోలు, అంటే ఒక్కో రెక్కకు 900 (రెక్క సొంత బరువు వల్ల కొంత తగ్గుతుంది, తుది లెక్క శనివారం పెడతాను). బస్తాలు దించాక రెక్క మళ్లీ మొదటి ఆకారానికే రావాలి, శాశ్వతంగా ఏ కాస్త వంగినా స్పార్ (రెక్క లోపలి ప్రధాన దూలం) డిజైన్ మళ్లీ మొదటికి!

ప్రతి బస్తాను తూచి బరువు రాసి తీసుకురండి, అందాజా లెక్కలు వద్దు.

పేర్చేది రెక్క మొదలు (విమానానికి అతికే వైపు) నుంచి కొసకు, డ్రాయింగ్‌లో ఉన్నట్టే. కొస దగ్గర తక్కువ, మొదట్లో ఎక్కువ. ఒకరు కొస వంపు కొలవాలి, ఒకరు వీడియో తీయాలి, ఎవరు చేస్తారో ఇక్కడే చెప్పండి.

లోడ్ ఉన్నంతసేపు రెక్క కిందకు ఎవరూ వెళ్లొద్దు, దయచేసి. కళ్లద్దాలు, బూట్లు తప్పనిసరి.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా పేరు పెట్టండి.