బుల్లెట్ రైలు సంగతి తర్వాత, ముందు మా రెండో లైన్ సంగతి చూడున్రి

సంపాదకులు గారికి నమస్కారం,

పోయిన వారం మీ జిల్లా పేజీలో హైదరాబాద్–చెన్నై హైస్పీడ్ రైలు మన మీదికెల్లి పోతే నల్లగొండ దశ తిరుగుతదని సగం పేజీ వార్త వేసిన్రు, పక్కన జపాన్ రైలు బొమ్మ కూడా పెట్టిన్రు. చదివి ఊకుందామనే అనుకున్న. కానీ తర్వాత అదే పేజీలో అదంతా మా నాయకుని కృషే అని ఫ్లెక్సీ కట్టి స్వీట్లు పంచుకుంటున్న ఫోటో చూసినంక ఇగ రాయక తప్పలేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఎటు పోతదో కూడా తేలని రైలుకి అప్పుడే స్వీట్లు ఏందండీ?

అసలు ఇప్పుడున్న లైన్ సంగతి మీ రిపోర్టర్ కి తెల్సా? బీబీనగర్ నుంచి నల్లగొండ, మిర్యాలగూడ, నడికుడి మీదుగా గుంటూరు దాకా చాలావరకు ఇంకా సింగిల్ లైనే. దాని మీదనే ఫలక్‌నుమా, విశాఖ, నారాయణాద్రి, శబరి, జన్మభూమి, పల్నాడు, రేపల్లె ప్యాసింజర్, అన్నీ ఎదురెదురుగా రావాలె పోవాలె. ఇవి చాలవన్నట్టు వాడపల్లి దిక్కు సిమెంటు ఫ్యాక్టరీల గూడ్సులు, మిర్యాలగూడ మిల్లుల బియ్యం ర్యాకులు, ఇప్పుడు దామరచర్ల కాడ 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంటుకి బొగ్గు రైళ్లు కూడా విష్ణుపురం స్టేషన్ కే రావాలె. అంత పెద్ద ప్లాంటు కడుతున్నప్పుడే బొగ్గు ఏ పట్టాల మీద వస్తది, ఆ టైముకి మనుషుల రైళ్లు ఏడ నిలబడతయి అని ప్లాన్ చేసెటోళ్లు ఒక్కసారన్నా ఆలోచించిన్రా? ఆలోచించి ఉంటే రెండో లైన్ ప్లాంటు కంటే ముందు రావాలె కదా.

క్రాసింగ్ అంటే ఏందో హైదరాబాద్ లో కూసొని వార్తలు రాసెటోళ్లకి అర్థం కాదు. తిప్పర్తి దాటినంక ఒక చిన్న స్టేషన్, పేరెందుకులే, ఇంకో బండికి దారి ఇయ్యనీకి ప్యాసింజర్ ని తీసుకపోయి పక్క పట్టా మీద, అదే లూప్ లైన్లో పెడ్తరు. మొదలు ఫ్యాన్లు తిరుగుతుంటయి కాబట్టి ఎవరూ లేవరు. తర్వాత ఒక్కొక్కరు దిగి కంకర మీద నిలబడి సిగ్నల్ దిక్కు చూస్తుంటరు, పల్లీల బుట్టామె అందరికీ అమ్మి ఆఖరికి తనే ఒక పొట్లం విప్పుకొని తింటది, దవాఖానకి పోయే ముసలాయన ఫోన్ చేసి డాక్టర్ ఉంటడా పోతడా అని అడుగుతుంటడు. అప్పుడు వందేభారత్ రయ్యిన పోతది, దుమ్ము మా మొఖాన కొట్టి. అయిపోయింది కదా అని అందరు ఎక్కితే ఇంకో గూడ్సు ఉందట! ఇదంతా ఎప్పుడో ఒకనాడు జరిగిందని కాదు, ఈ లైన్ మీద నెల పాస్ తో తిరిగే ఎవలనన్నా అడగున్రి.

వందేభారత్ వద్దని నేననట్లే. 2023 ఏప్రిల్ 8న ప్రధాని సికింద్రాబాద్–తిరుపతి వందేభారత్ ని మొదలుపెట్టిండు, అది నల్లగొండ మీదికెల్లే పోతది, సంతోషం. కానీ సరిగ్గా అదే రోజు సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ డబ్లింగ్, ఎలక్ట్రిఫికేషన్ కూడా జాతికి అంకితం చేసిన్రు, 85 కిలోమీటర్లు, దాదాపు 1,410 కోట్లు. అంటే పాలమూరోళ్లకి రెండో లైన్ ఇచ్చిన్రు, మాకేమో సింగిల్ లైన్ మీదనే నూటఅరవై స్పీడు పోగల రైలు ఇచ్చిన్రు. ముందు దారి వెయ్యాల్నా ముందు బండి కొనాల్నా? పాలమూరోళ్లకి వచ్చిందని నాకు కడుపుమంట ఏం లేదు, వాళ్లకి కూడా మహబూబ్‌నగర్ దాటి డోన్ దిక్కు పోతే మళ్లా మా బతుకే.

మా డబ్లింగ్ మంజూరు కాలేదా అంటే అయింది. 2023 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఏడు ప్రాజెక్టులు ఓకే చేసింది, 2,339 కిలోమీటర్లు, సుమారు 32,500 కోట్లు, దాంట్ల గుంటూరు–బీబీనగర్ 239 కిలోమీటర్లు ఒకటి, మహబూబ్‌నగర్–డోన్ కూడా ఉంది. ఆ రోజు మీ పేపర్లో కూడా మొదటి పేజీలో వచ్చింది. ఆ తర్వాత భూమి ఎంత తీసుకున్నరు, ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్ దాకా పని అయింది, వంతెనలు ఎన్ని లేచినయి అని ఎవరన్నా వరుసగా రాసిన్రా? రెండో లైన్ లో జపాన్ బొమ్మ లేదు కదా, కంకర కుప్పల ఫోటో ఎవరు వేస్తరు.

కొత్త టెక్నాలజీ అంటరా, రైళ్లు గుద్దుకోకుండా ఆపే కవచ్ గురించి చెప్పుకోవాలె. రెడ్ సిగ్నల్ చూసుకోకుండా డ్రైవర్ ముందుకు పోతే దానంతట అదే బ్రేక్ వేస్తది, పట్టాల మధ్య ట్యాగులు, స్టేషన్ల కాడ రేడియో టవర్లు, మన దేశంల తయారైన మంచి పని. ట్రయల్స్ కూడా మన వికారాబాద్ దిక్కే చేసిన్రు, 2022 మార్చిలో రైల్వే మంత్రే స్వయంగా ఇంజన్ ఎక్కి చూసిండు. దక్షిణ మధ్య రైల్వేల మొదట 1,465 కిలోమీటర్లకి పెట్టిన్రు, అందులో సికింద్రాబాద్–మహబూబ్‌నగర్–గద్వాల–డోన్ ఉంది, మా నల్లగొండ లైన్ లేదు. ఎదురెదురు రైళ్లు ఒకే పట్టా మీద తిరిగే కాడ గదా కవచ్ ముందు కావాల్సింది! సరే, రేపు వచ్చినా అది ప్రాణం కాపాడుతది గానీ ఇంకో పట్టా వెయ్యదు, క్రాసింగ్ తప్పదు.

ఇగ పైసల ముచ్చట. ప్రతి ఫిబ్రవరిల రైల్వే మంత్రి ఢిల్లీ నుంచి వీడియో కాన్ఫరెన్స్ పెట్టి, రైల్వే బడ్జెట్ల 2009–14ల ఉమ్మడి ఏపీకి ఏడాదికి 886 కోట్లే, ఇప్పుడు ఒక్క తెలంగాణకే 5,337 కోట్లు (అది 2025–26 లెక్క) అని చెప్తరు. మంచిదే, పెరిగింది, కాదన్నోడు లేడు. కానీ అందుల మా లైన్ కి ఎంత? దేశం మొత్తం ప్రాజెక్టుల లెక్కంతా పింక్ బుక్ అని ఇంగ్లీషు పుస్తకంల ఉంటది, పేరు బతికుండాలని వెయ్యి రూపాయలు రాసిపెట్టే ప్రాజెక్టులు కూడా అందులనే ఉంటయి. నల్లగొండ–మాచర్ల లైన్ 92 కిలోమీటర్లు 1997–98లో మంజూరైంది, ఇప్పటి పిల్లలకి ఆ పేరు కూడా తెల్వదు. అదే ఏడు మంజూరైన మహబూబ్‌నగర్–మునీరాబాద్ లైన్ల జక్లేర్–కృష్ణ ముక్క 37 కిలోమీటర్లు 2023 అక్టోబర్ 1న గానీ ప్రారంభం కాలేదు. పాతికేళ్ల పైన పట్టింది, అదీ వచ్చిన లైన్ కథ. రానిదాని కథ నేనేం చెప్పాలె.

సూర్యాపేటకి రైలు లేదు, నాగర్‌కర్నూల్‌కి లేదు, దేవరకొండకి లేదు, వనపర్తోళ్లు మదనాపురం పోయి ఎక్కాలె. ఎలక్షన్ వస్తే మాత్రం డోర్నకల్–గద్వాల సర్వే, మాచర్ల–గద్వాల సర్వే, ఏదో ఒక సర్వే. మా నాయినకి కూడా గిదే మాట చెప్పిన్రు. అటు రాష్ట్రం తక్కువ తిన్నదా, 2016ల ఒప్పుకున్న ఘట్‌కేసర్–యాదాద్రి ఎంఎంటీఎస్ లోకల్ రైలుకి వాటా మీరియ్యున్రి అంటే మీరియ్యున్రి అని రాష్ట్రం, రైల్వే ఏండ్లకేండ్లు గడిపిన్రు. ఎంపీలు ఏం చేస్తున్నరంటే కొత్త రైలుకి పచ్చ జెండా ఊపుతున్నరు, హాల్ట్ కోసం వినతిపత్రం ఇచ్చి ఫోటో దిగుతున్నరు.

మొన్నమొన్నటిదాకా ప్యాసింజర్ పేరు మార్చి ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అని కనీసం 30 రూపాయలు గుంజిన్రు, 2024 ఫిబ్రవరిల గానీ మళ్లా 10 రూపాయలకి రాలేదు. అంతకు ముందే ఆడోళ్లకి ఆర్టీసీ బస్సు ఫ్రీ అయింది, సగం మంది బస్సు దిక్కు మర్లిన్రు. రేపు రైల్వేవాళ్లు ఈ రూట్ల ప్యాసింజర్లకి డిమాండ్ లేదు అని తీసేసినా తీసేస్తరు. కౌంటర్ కాడికి పోతే మిషన్ల తీసుకో అంటరు, మిషన్ కాడ కాగితం అయిపోయి ఉంటది, యాప్ వేసుకో అంటరు, నెట్ ఉండదు. ముసలోళ్లు ఏం చెయ్యాలె?

స్టేషన్లు బాగుచేసే అమృత్ భారత్ పథకం కింద నల్లగొండ, మిర్యాలగూడ స్టేషన్లకి కొత్త ముఖద్వారం, లిఫ్టులు అంటున్నరు. అద్దాల స్టేషన్ల కూసొని లేటు రైలు కోసం ఎదురుచూడొచ్చు, వాన పడకుండా.

మీకు ఒక్కటే మనవి. బుల్లెట్ రైలు వార్త ఎంతన్నా వేసుకోండి, కానీ నెలకొకసారి ఒక చిన్న డబ్బా కట్టి గుంటూరు–బీబీనగర్ డబ్లింగ్ ఈ నెల ఎన్ని కిలోమీటర్లు అయింది, ఏ మండలంల భూమి ఆగింది, కాంట్రాక్టర్ ఎవరు, గడువు ఎప్పుడు అని అధికారుల్ని అడిగి వేయండి. చెప్పకపోతే చెప్పలేదు అని వేయండి. వలిగొండ, రామన్నపేట, చిట్యాల, కుక్కడం లాంటి స్టేషన్లల్ల కూడా అదే లెక్క తెలుగుల బోర్డు మీద రాసి పెట్టమనున్రి.

— నెల పాస్ ప్రయాణికుడు, నల్లగొండ