పిందె పది మిల్లీమీటర్లు ఉన్నప్పుడు

స్పార్టా, మిచిగన్
మే 22

అమ్మలూ,

నిన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతులో టెన్షన్ తెలిసిపోయింది. గాలా రకం ఆపిల్ చెట్లకు పిందె రాల్చే మందు రేపే కొట్టాలా, ఆగాలా అని అడిగావు. పని తొందరలో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఈ ఉత్తరం.

నూజివీడులో తాతయ్య మామిడి తోటలో పిందె రాలితే ఇంటిల్లిపాదికీ దిగులే. ఇక్కడ డబ్బు పెట్టి మందు కొని మరీ రాల్చుకుంటామంటే ఆయన చాలాకాలం నమ్మలేదు. ఆపిల్‌కు గుత్తికి ఐదారు పూలు వస్తాయి. చెట్టు మీది పూలలో నూటికి 5 నుంచి 10 నిలిస్తే చాలు, నిండు కాపే. అన్నీ నిలిస్తే కాయ ఎదగదు, పైగా వచ్చే ఏడు చెట్టు పూయదు. వచ్చే ఏటి పూమొగ్గ పడేది ఈ వారాల్లోనే. పిందెల్లోని గింజల నుంచి వచ్చే జిబ్బరెలిన్ అనే హార్మోన్ దాన్ని పడనివ్వదు. హనీక్రిస్ప్ రకం ఆపిల్‌కు ఈ ఏడు విడిచి ఏడు కాసే గుణం మరీ ఎక్కువ.

ఇక వాతావరణం సంగతి. పిందె 8 నుంచి 12 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు చెట్టుకు ఆకలి ఎక్కువ. కొత్త చిగుళ్లూ పిందెలూ ఒకే తిండి కోసం పోటీ పడతాయి. పగలు ఎండ కాస్తే ఆకు చక్కెర తయారు చేస్తుంది. రాత్రి ఉక్కగా ఉంటే చెట్టు దాన్ని ఖర్చు చేసేస్తుంది. మబ్బు పగలు, వెచ్చని రాత్రి వరసగా వస్తే లోటు పడి, బలహీనమైన పిందె తనంతట తానే రాలుతుంది. మన మందు చేసేది ఆ ఆకలిని పెంచడమే. అదే ఎండగా ఉండి రాత్రుళ్లు చల్లబడితే ఎంత కొట్టినా పిందె కదలదు. చలిలో బెంజైల్ అడెనిన్ అనే రాల్చే మందు అసలే పనిచేయదు. దానికి పగలు 70 డిగ్రీల ఫారెన్‌హీట్ పైన ఉండాలి. 85 దాటితే మాత్రం ఏ మందైనా భయమే.

నేను ఈ తోటలో చేరిన నాలుగో ఏడు, గాలాకే, ఎన్‌ఏఏ అనే రాల్చే మందులో కార్బరిల్ అనే పురుగుమందు కలిపి ఎప్పుడూ వాడే మోతాదే కొట్టాను. వెంటనే మూడు రోజులు ముసురు, రాత్రుళ్లు ఉక్క. పది రోజులు తిరిగేసరికి చెట్ల కింద నేల కనిపించలేదు, అన్నీ పిందెలే. కొన్ని వరుసల్లో కొమ్మకు రెండు కాయలు కూడా మిగల్లేదు. ఆ వరుసల మధ్య నడిచిన సాయంత్రం నాకింకా గుర్తుంది. అప్పటి నుంచి మందు కొట్టే రోజు కంటే ఆ తర్వాతి నాలుగు రోజులనే ఎక్కువ చూస్తాను.

మంచు పడిన ఏడు ఇంకా జాగ్రత్త. దెబ్బతిన్న ఆకు మందును ఎక్కువగా పీలుస్తుంది. 2012 నీకు గుర్తుండకపోవచ్చు. మార్చిలోనే 80 డిగ్రీలు వచ్చి చెట్లు ముందే మేలుకున్నాయి. ఏప్రిల్ మంచుకు ఈ రాష్ట్రంలో దాదాపు 90 శాతం ఆపిల్ పోయింది. ఆ ఏడు మేం రాల్చడానికి ఏమీ లేదు. కాయ మోయని చెట్లు 2013లో ఒళ్లంతా పూసి రికార్డు కాపునిచ్చాయి.

నువ్వు చెప్పిన కార్నెల్ యూనివర్సిటీ వాళ్ల లెక్కలో, అదే చెట్టు చక్కెర రాబడి, ఖర్చుల లెక్కలో, లోటు 70 వచ్చిందంటే, పూర్తి మోతాదు వద్దు. 80 దాటితే అసలు కొట్టొద్దు. నాలుగు రోజులు ఆగితే పిందె 14 మిల్లీమీటర్లు అయి మందుకు తేలిగ్గా లొంగదన్న భయం నాకూ తెలుసు. అయినా ఇంకోసారి కొట్టడానికి వీలుంటుంది, రాలినదాన్ని తిరిగి అతికించలేం. మీ మేనేజర్‌గారితో ఈ మాట గట్టిగానే చెప్పు, కొత్తదాన్నని ఊరుకోకు.

కొట్టాక రిబ్బన్ కట్టిన గుత్తుల్లో పిందెలను మూడో రోజు, ఏడో రోజు కాలిపర్‌తో కొలువు. అన్నిటికంటే వేగంగా పెరిగే పిందెల పెరుగుదలలో సగం కూడా లేనిది రాలిపోతుంది. తేనెటీగల పెట్టెలు తోటలోంచి వెళ్లేదాకా కార్బరిల్ ముట్టుకోకు.

అమ్మ కందిపొడి, గోంగూర పచ్చడి పార్సెల్ చేసింది, గురువారానికి అందుతాయి. ఏడో రోజు కొలతలు రాగానే ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి.

నాన్న