తిథి పక్కనే ఆటుపోట్ల వేళలూ అచ్చేయండి

సంపాదకుడు గారికి,

విశాఖను ఒక్కరోజులో చూసి వెళ్దామని వచ్చేవాళ్లు పొద్దున కైలాసగిరి, మధ్యాహ్నం కురుసుర జలాంతర్గామి, సాయంత్రం ఆర్కే బీచ్ అని వరస పెట్టుకుంటారు. సముద్రం ఎన్ని గంటలకు తగ్గుతుందన్న లెక్క అందులో ఉండదు. దాంతో రాళ్ల మధ్య బతికే జీవాల్లో ఒక్కదాన్నీ చూడకుండానే రైలెక్కేస్తారు.

మన తీరంలో రోజుకు రెండు పోట్లు (నీరు ఎక్కడం), రెండు ఆట్లు (నీరు తగ్గడం). వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి సమయం ఇవాళ పనికిరాదు. అమావాస్య, పౌర్ణమి, ఆ తర్వాతి రెండు రోజులు నీరు బాగా తీస్తుంది. అప్పుడు విశాఖలో పోటు మట్టం సుమారు 1.5 మీటర్లు, ఆటు 0.1. అష్టమి దగ్గర ఆటు 0.5 వద్దే ఆగిపోతుంది. రాళ్లలో సగం నీళ్లలోనే ఉంటాయి, వెళ్లినా దండగే.

చూడాల్సిన చోటు భీమిలి దారిలోని మంగమారిపేట. 900కె బస్సులో వెళ్లి, ముందు తొట్లకొండ బౌద్ధక్షేత్రం చూసుకుని కిందికి దిగితే సహజ శిలాతోరణం, దాని చుట్టూ రాళ్ల గుంటలు. ఆటు వేళకు గంట ముందే చేరాలి. నీటి వెంబడే దిగి, అది తిరిగి ఎక్కడం మొదలవగానే వచ్చేయాలి. పోటు ముందుగా నింపేది రాళ్ల మధ్య పల్లాన్నే, అంటే మనం వెనక్కి రావాల్సిన దారినే. సముద్రానికి వీపు పెట్టి ఫొటో దిగడం అక్కడ ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

చెప్పులు పచ్చని నాచు మీద జారతాయి, ఉత్త కాళ్లను బార్నకిల్స్ (రాళ్లకు అంటుకుని బతికే పదునైన గుల్లల జీవాలు) కోసేస్తాయి. లేసులున్న కాన్వాస్ బూట్లు మేలు. గుంట పక్కన నీడ పడకుండా ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోండి. గవ్వముక్కలు అంటుకున్న ముద్దలా కనిపించినది సీ అనిమోన్. నీళ్లలో ఉన్నది మెల్లగా రేకులు విప్పుతుంది. అవి దాని చేతులు, వేలు పెడితే ముడుచుకుపోతుంది. రాయి తిరగేస్తే మళ్లీ అదే వైపు పెట్టండి, అడుగున బతికేవి ఎండకు చచ్చిపోతాయి. ఖాళీ శంఖులు ఏరుకు పోవద్దు. సన్యాసి పీత తన గుల్లను తాను కట్టుకోలేదు, పెరిగేకొద్దీ పెద్ద శంఖులోకి మారాలి. శంకువు ఆకారంలో, పైన బొమ్మలు గీసినట్టుండే నత్తనైతే ముట్టుకోనే వద్దు, దానిది విషపు ముల్లు.

జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట ఇసుకలో లైట్లు వేయకండి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలమది. వెలుతురు చూస్తే తల్లి గుడ్లు పెట్టకుండానే వెనుదిరుగుతుంది. తర్వాత గుడ్లలోంచి వచ్చిన పిల్లలు ఆ వెలుతురునే సముద్రమనుకుని రోడ్డు వైపు పాకుతాయి.

మీ పత్రిక రోజూ తిథి, వర్జ్యం, సూర్యోదయం వేస్తోంది. విశాఖ ఎడిషన్‌లో వాటి కిందే రెండు ఆట్లు, రెండు పోట్ల వేళలు, మట్టాలు వేయండి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఈ అంచనాలు ఇస్తూనే ఉంది. అవే అంకెలను రోజూ సుద్దముక్కతో రాసే బోర్డులు మంగమారిపేట, తెన్నేటి పార్కు మెట్ల దగ్గర పెట్టాలని అధికారులకూ మనవి.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం