డై కొట్టించే ముందు ఒక్కసారి ఆగు

అరేయ్ మామా,

నువ్వు పంపిన ఫోటోలు నిన్న రాత్రి ఇంటికొచ్చాక తీరిగ్గా చూశాను. గింజలు నాటే బండి కోసం చెక్క బిళ్ళకి చిల్లులు పెట్టి, ఇనుప చక్రం తగిలించి, పత్తి గింజలు ఒక్కొక్కటిగా రాలేలా చేశావు చూడు, నిజంగా చాలా సంతోషమేసింది రా. కానీ చివర్లో రాసిన ముక్క చదివాక నిద్ర పట్టలేదు. వచ్చే వారం ఆ కాగితం మీద గీసిన బొమ్మతోనే గింజల డబ్బాకి డై, అదే ప్లాస్టిక్ పోసే ఉక్కు అచ్చు, ఆర్డర్ ఇచ్చేస్తానన్నావు. ఇవ్వకు. ఫోన్లో చెబితే నువ్వు సగం విని "చూద్దాంలే" అంటావు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

రెండేళ్ళ కిందట నేను మోటారు స్టార్టర్ డబ్బా చేయించాను, గుర్తుందా? ఆ కథ నీకు పూర్తిగా చెప్పలేదు. కాగితం మీద కొలతలు వేసి, అన్నిచోట్లా మందం 3 మి.మీ. అని రాసి హైదరాబాద్ బాలానగర్‌లో డైలు చేసే ఒక టూల్ రూమ్‌లో ఇచ్చాను. మొదటి మూత మిషన్ లోంచి వచ్చాక మేస్త్రీ దాన్ని ట్యూబులైటు కింద వాల్చి పట్టుకుని, పైభాగం మీద బొటనవేలి గోరుతో మెల్లిగా రాశాడు. మూడు చోట్ల గోరు దిగింది. లోపల బలం కోసం పెట్టిన పట్టీలు, అంటే రిబ్బులు, ఎక్కడెక్కడ ఉన్నాయో, సరిగ్గా వాటి వెనకాలే గుంటలు. గోడ 3 మి.మీ. ఉన్నప్పుడు రిబ్బు దాంట్లో సగం, మహా అయితే 1.8 మి.మీ. ఉండాలి. అంతకంటే లావుగా ఉంటే అక్కడ ప్లాస్టిక్ ఆలస్యంగా చల్లారి, ముడుచుకుని, పై పొరని లోపలికి లాగేస్తుంది. అది చాలదన్నట్టు లోపలి గోడలు నిట్టనిలువుగా గీశాను, దాంతో మూత డైని పట్టుకుని వదల్లేదు, దాన్ని బయటికి నెట్టే పిన్నులు బలంగా తోసిన చోటల్లా తెల్లటి మచ్చలు పడ్డాయి.

అప్పుడు తెలిసింది అసలు విషయం. డైలో లోహం ఇంకాస్త తీసేయడం తేలిక, తీసేసిన చోట మళ్ళీ కలపడం కష్టం. రిబ్బు సన్నబడాలంటే ఉక్కులో గాడి ఇరుకవ్వాలి, అంటే వెల్డింగ్ పెట్టించి మళ్ళీ కోయించాలి. మూడు వారాలు పోయాయి, డబ్బు సంగతి అటుంచు, బోర్ల సీజన్ దాటిపోయింది. కంప్యూటర్ తెరమీద ఆ 3ని 1.8గా మార్చడానికి పట్టేది అర నిమిషం!

అందుకే చెబుతున్నా, ముందు ఆ డబ్బాని క్యాడ్‌లో గీయి. క్యాడ్ అంటే కాగితం బదులు కంప్యూటర్లో బొమ్మ గీయడమే అనుకోకు. దాని బలమంతా కొలతలు ఒకదానికొకటి కట్టుబడి ఉండటంలో ఉంది. నీ చక్రం వ్యాసం 38 సెం.మీ. అన్నావు కదా, చుట్టుకొలత దాదాపు 119 సెం.మీ. చక్రం ఒకసారి తిరిగితే బిళ్ళ కూడా ఒకసారే తిరుగుతుంది కాబట్టి రెండు చిల్లులుంటే గింజ గింజకీ మధ్య 60 సెం.మీ., ఆరు చిల్లులుంటే 20. నువ్వడిగిన పత్తి, మొక్కజొన్న దూరాలు రెండూ ఇక్కడే వచ్చేశాయి. చిల్లుల సంఖ్య, చిల్లు సైజు, బిళ్ళ మందం అనే మూడు అంకెలు పైన పెట్టి మోడల్ కట్టుకుంటే, అంకె మార్చగానే బిళ్ళ మారుతుంది, దాంతోపాటు అది కూర్చునే గూడు కూడా మారుతుంది. నువ్విప్పుడు ఒక్కో పంటకీ ఒక్కో చెక్క బిళ్ళ చెక్కుతూ ఎన్ని రాత్రులు మేలుకుంటున్నావో నాకు తెలుసు రా.

డ్రాఫ్ట్, అంటే డై లోంచి డబ్బా తేలిగ్గా ఊడొచ్చేలా గోడకిచ్చే వాలు, మాత్రం మర్చిపోకు. డబ్బా లోతు 60 మి.మీ. అనుకో, గోడకి ఒక డిగ్రీ వాలు ఇస్తే పైకీ కిందకీ ఒక్కో వైపు సుమారు 1 మి.మీ. తేడా వస్తుంది. అంటే బిళ్ళ కూర్చునే అడుగు భాగం ఆ మేరకు ఇరుకవుతుంది. నువ్వు పైన కొలిచి కింద బిళ్ళ గీస్తే పట్టదు! క్యాడ్‌లో ముక్కల్ని బిగించి చూసే అసెంబ్లీలో రెండూ కలిపి చూస్తే ఎక్కడ ఒకదాన్నొకటి తగులుతున్నాయో అక్కడే కనబడిపోతుంది. ఏ ప్లాస్టిక్ వాడతావో కూడా ముందే తేల్చుకో. పీపీ (పాలీప్రొపిలీన్) అనే ప్లాస్టిక్, ఏబీఎస్ అనే ప్లాస్టిక్ కంటే బాగా ఎక్కువ ముడుచుకుంటుంది, ఒకదానికని కోసిన డైలో ఇంకోటి పోస్తే కొలతలన్నీ తప్పుతాయి.

తెరని గుడ్డిగా నమ్మమనడం లేదు. జూమ్ చేస్తే 5 మి.మీ. చిల్లు కూడా బావిలా కనిపిస్తుంది. బండి పిడి ఎక్కడ విరుగుతుందో క్యాడ్ ఒత్తిడి లెక్క కట్టి రంగుల్లో చూపిస్తుంది నిజమే, కానీ బరువు ఎంత, ఎటునుంచి పడుతుంది అన్నది చెప్పాల్సింది నువ్వే, అది తప్పు చెబితే జవాబూ తప్పే. అందుకే త్రీడీ ప్రింట్ తీయించి, చేత్తో పట్టుకుని, నిజం గింజలు పోసి తిప్పాలి. హైదరాబాద్ రాయదుర్గంలో టీ-వర్క్స్ ఉంది, 2023లో మొదలైంది, ఇలాంటి నమూనాలు చేయించుకోవడానికే.

ఇంకోటి, టూల్ రూమ్‌కి స్టెప్ ఫైల్ (ఏ క్యాడ్‌లోనైనా తెరవగలిగే త్రీడీ మోడల్ ఫైల్), కొలతల డ్రాయింగు రెండూ ఒకే తేదీవి పంపు. పాతదొకటి, కొత్తదొకటి వెళితే అయిపోయినట్టే. ఎయిర్‌బస్ ఏ380కే జరిగింది మామా, జర్మనీ వాళ్ళు, ఫ్రాన్స్ వాళ్ళు కాటియా సాఫ్ట్‌వేర్‌లో వేర్వేరు వెర్షన్లు వాడటంతో వైరింగు లెక్కలు కుదరక, తీరా బిగించేటప్పుడు తీగలు సరిపోలేదు. 2006లో విమానాల డెలివరీలు వెనక్కి పోవడానికి అదో పెద్ద కారణం.

సాఫ్ట్‌వేర్ కొనాలేమో అని టెన్షన్ పడకు. ఫ్రీక్యాడ్ ఉచితం, 2024 నవంబర్లో 1.0 వచ్చాక అసెంబ్లీ కూడా అందులోనే ఉంది, నీ డబ్బాకి అది చాలు. మీ తమ్ముడికి ఆసక్తి ఉందన్నావు కదా, బాలానగర్‌లో డైల డిజైన్ నేర్పే సంస్థ సీఐటీడీలో కోర్సులు ఉంటాయి, కనుక్కోమను.

వచ్చే శనివారం పొద్దున్నే బస్సెక్కెయ్, రెండు రాత్రులు మా ఇంట్లోనే ఉండు, ఇద్దరం కూర్చుంటే ఆదివారం సాయంత్రానికి బిళ్ళ, గూడు అయిపోతాయి. ఆ చెక్క బిళ్ళా, పత్తి, మొక్కజొన్న గింజలు చెరో గుప్పెడూ తీసుకురా, ఏరినవి వద్దు, సంచిలో ఎలా ఉన్నవి అలాగే. పెద్ద గింజ ఎంతుందో, చిన్న గింజ ఎంతుందో వెర్నియర్‌తో కొలవాలి. అమ్మని అడిగానని చెప్పు.

నీ మామ