ఎన్‌కోర్ గురి కుదిరింది, సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

ఒహాయోలో ఈ ఏడాది తుపాకీతో జింకలను వేటాడే గన్ సీజన్ అయిపోయింది. ఇంట్లో ఫ్రీజర్ నిండింది. అంతకన్నా పెద్ద సంతోషం ఏమిటంటే, నా ఎన్‌కోర్ తుపాకీ ఇప్పుడు నమ్మి చేతిలో పట్టుకోదగ్గ తుపాకీ అయింది. వేసవిలో వంద గజాల దగ్గర మూడు షాట్లు కొడితే నాలుగైదు అంగుళాల మేర చెదిరేవి. ఇప్పుడు అదే బ్యారెల్, అదే రకం తూటాలతో అంగుళన్నరలో పడుతున్నాయి. ఇది నా ఒక్కడి వల్ల అయిన పని కాదు. సాయం చేసిన నలుగురికి అందరి ముందూ థాంక్స్ చెప్పాలని ఇది రాస్తున్నాను. వాళ్లు నేర్పిన సంగతులు ఇలాంటి తుపాకీ ఉన్న మన తెలుగువాళ్లకు కూడా పనికొస్తాయి. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

నాది థాంప్సన్ సెంటర్ ఎన్‌కోర్. సెకండ్ హ్యాండ్‌లో ఫ్రేమ్ ఒకరి దగ్గర, బ్యారెల్ ఇంకొకరి దగ్గర కొన్నాను. ట్రిగ్గర్ గార్డు లాగితే బ్యారెల్ మూతి కిందికి వాలి, వెనక భాగం తెరుచుకుంటుంది. ఒక్క తూటా పెట్టి, మూసి, హ్యామర్ ఎక్కించి కాల్చాలి. మ్యాగజైన్ అనేది లేదు. ఫోరెండ్ అనే ముందరి చెక్క స్క్రూలు విప్పి, మధ్యలో ఉన్న ఒక పిన్ను తట్టి తీస్తే బ్యారెల్ ఊడి చేతికొస్తుంది. దాని చోట 223 అనే చిన్న తూటా బ్యారెల్ పెట్టుకోవచ్చు, మందు కూరి కాల్చే 50 క్యాలిబర్ మజిల్‌లోడర్ బ్యారెల్ కూడా పెట్టుకోవచ్చు. వారెన్ సెంటర్ అనే డిజైనర్ ఈ పద్ధతిలో చేసిన కంటెండర్ 1967లో వచ్చింది. ఎక్కువ ప్రెషర్ ఉన్న పెద్ద తూటాలను తట్టుకునేలా దాని తర్వాత వచ్చిందే ఎన్‌కోర్. అప్పట్లో న్యూ హ్యాంప్‌షైర్‌లోని రోచెస్టర్‌లో ఉండే థాంప్సన్ సెంటర్ కంపెనీని స్మిత్ అండ్ వెసన్ అనే తుపాకుల కంపెనీ 2007లో కొన్నది, 2021లో అమ్మేస్తామని ప్రకటించింది. కంపెనీని ఒకప్పుడు నడిపిన గ్రెగ్ రిట్జ్ 2024లో తిరిగి కొన్నారు. మధ్యలో ఆ కొన్నేళ్లూ నాలాంటివాళ్లు పాత బ్యారెళ్ల వేటలోనే గడిపారు.

నా బ్యారెల్ 45-70 అనే తూటాది. అదే ఎందుకంటే, ఒహాయోలో జింకల వేటకు చాలాకాలం షాట్‌గన్, మజిల్‌లోడర్, హ్యాండ్‌గన్ తప్ప రైఫిల్ లేదు. 2014 నుంచి నిటారు గోడ కేసు (మూతి దగ్గర సీసా మెడలా సన్నబడని ఇత్తడి గొట్టం) ఉన్న తూటాల రైఫిళ్లకు అనుమతి వచ్చింది. 45-70 అలాంటిదే. 1873లో అమెరికా సైన్యం తీసుకున్న తూటా ఇది. అడుగున అంచు ఉంటుంది, ఆ అంచు బ్యారెల్ వెనక భాగంలో ఆనుకుని కూర్చుంటుంది. ఒక్కో తూటా చేత్తో పెట్టే తుపాకీకి ఇంతకన్నా తగినది నాకు తెలియదు. 300 గ్రెయిన్ల (సుమారు 19 గ్రాముల) బుల్లెట్ సెకనుకు దాదాపు 1880 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. బరువుంది, బలముంది, కానీ వేగం తక్కువ. వంద గజాలకు గురి కుదిర్చితే రెండువందల గజాల దగ్గర అడుగుకు పైగా కిందికి దిగుతుంది. అందుకే 125 గజాలు దాటితే కాల్చకూడదని ముందే పెట్టుకున్నాను. ఆ లోపల మాత్రం తూటా నేననుకున్న చోటే పడాలి. గాయపడి పొదల్లోకి పారిపోయిన జింక చావు ఎలా ఉంటుందో ఆలోచించే ఎవరికైనా నాలుగంగుళాల గ్రూపుతో (షాట్లు చెదిరే మేరను గ్రూపు అంటారు) అడవిలోకి వెళ్లాలంటే మనసొప్పదు.

మొదటి కృతజ్ఞత మా పక్క వీధిలో ఉండే పెద్దాయనకు. జీవితమంతా మెషిన్ షాపులో లేత్ మీద పని చేసి రిటైరయ్యారు. నా టార్గెట్ కాగితాలు చూపిస్తే తూటాల సంగతి అడగలేదు, గురి చూసే దుర్బిణి, అంటే స్కోప్ సంగతి అడగలేదు. తుపాకీ ఖాళీగా ఉందని ఒకటికి రెండుసార్లు చూసుకుని, మూసి, బ్యారెల్‌ను ఒక చేత్తో, ఫ్రేమ్‌ను ఇంకో చేత్తో పట్టుకుని అటూ ఇటూ కదిపారు. "ఇక్కడ చెవి పెట్టు" అన్నారు. చిన్నగా టిక్కుమంటోంది.

ఆయన చెప్పింది ఇదీ. బోల్ట్ యాక్షన్ రైఫిల్‌లో బ్యారెల్ రిసీవర్‌లోకి మరబిగించి ఉంటుంది, కదలదు. ఇందులో బ్యారెల్ వేలాడేది ఒక పిన్ను మీద, మూసుకునేది అడుగున ఉన్న గడియ మీద. ఏ బ్యారెల్ అయినా ఏ ఫ్రేముకైనా పట్టాలంటే పిన్నుకూ రంధ్రానికీ మధ్య కాస్త సందు ఉండక తప్పదు. బందు అరిగిన తలుపు వేసిన ప్రతిసారీ కొంచెం వేరే చోట ఆగినట్టు, ఆ సందు పెరిగితే బ్యారెల్ ఒక్కోసారి ఒక్కో చోట కూర్చుంటుంది. స్కోప్ బ్యారెల్ మీదే ఉంటుంది కాబట్టి గురిలో తేడా కనపడదు. కానీ తూటా అడుగుకూ ఫ్రేముకూ మధ్య దూరం మారుతుంది, ఫైరింగ్ పిన్ను తగిలే తీరు మారుతుంది, పేలినప్పుడు తుపాకీ ఎగిరే తీరు మారుతుంది. కాగితం మీద అవన్నీ కలిసి పడతాయి.

మైక్రోమీటర్‌తో పిన్ను కొలిచారు, రంధ్రం కొలిచారు. ఫ్యాక్టరీ సైజు కన్నా అంగుళంలో కొన్ని వెయ్యోవంతులు లావున్న పిన్నులు బయట దొరుకుతాయని చెప్పి, ఏది తెప్పించాలో కాగితం మీద రాసిచ్చారు. పిన్ను వచ్చాక బిగువుగా, సుత్తితో బాదాల్సిన పని లేకుండా, ఇత్తడి పంచ్‌తో మెల్లగా తట్టి ఎక్కించారు. గడియ ముఖాల మీద పేరుకున్న మసి, గట్టిపడిన గ్రీజు శుభ్రం చేశారు. మూసేటప్పుడు ప్రతిసారీ ఒకే బలంతో, ఒకే తీరుగా మూయమన్నారు. ఒకసారి మెల్లగా, ఒకసారి ధనేల్‌మని మూస్తే రెండు వేర్వేరు తుపాకులు కాల్చినట్టేనట. డబ్బులు ఇవ్వబోతే చేయి అడ్డం పెట్టారు. ఆయనకు మా ఇంటినుంచి గోంగూర పచ్చడి వెళ్లింది, అదొక్కటే తీసుకున్నారు.

రెండో కృతజ్ఞత టోలెడోలో ఉండే ఖమ్మం అన్నకు. ఈయన ఒహాయోలో వేటాడబట్టి చాలా ఏళ్లయింది. నేను లైసెన్స్ తీసుకోకముందే హంటర్ ఎడ్యుకేషన్ క్లాసుకు పంపిందీ ఆయనే. వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడం మీద ఫెడరల్ చట్టం నిషేధం పెట్టింది, సరైన హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. ఆ సంగతి లాయరును కనుక్కోకుండా అడుగు వేయొద్దని ప్రతి కుర్రాడికీ చెప్తారు. ఇది చదివేవాళ్లలో వీసా మీద ఉన్నవాళ్లకు నేనూ అదే చెప్తున్నా.

పిన్ను మార్చాక గ్రూపు సగానికి తగ్గింది గానీ, ఇంకా నిలువుగా సాగుతోంది. మొదటి షాట్ కింద, మూడోది పైన. ఫొటో పంపితే అన్న వెంటనే ఫోన్ చేశారు. "తమ్ముడూ, ఫోరెండ్ చూసుకో. చెక్క బ్యారెల్‌ను నెడుతోంది."

ఈ తుపాకీలో చెక్క రెండు ముక్కలు. వెనక బట్ ఫ్రేముకు, ముందరి ఫోరెండ్ నేరుగా బ్యారెల్‌కే స్క్రూలతో బిగుస్తాయి. ఫోరెండ్ బ్యారెల్ పొడవునా ఒరుసుకుంటూ ఉంటే, బ్యారెల్ వేడెక్కే కొద్దీ ఆ ఒత్తిడి మారిపోతుంది, షాట్లు ఒక దిక్కుకు జరుగుతాయి. అన్న చెప్పినట్టు ఒక కాగితం ముక్క బ్యారెల్‌కూ చెక్కకూ మధ్య పెట్టి లాగితే ముందు కొసన ఇరుక్కుపోయింది. అక్కడ సన్నని ఉప్పుకాగితంతో రుద్ది సందు చేశాను. స్క్రూల దగ్గర మాత్రం పలచని వాషర్లు పెట్టి, బ్యారెల్ ఆ రెండు చోట్లే ఆనేలా చూశాను. హ్యాండీ రైఫిల్ అనే ఇలాంటిదే ఇంకో సింగిల్ షాట్ తుపాకీ ఉన్నవాళ్లు ఇదే పనికి ఫోరెండ్ స్క్రూ దగ్గర రబ్బరు ఓ-రింగ్ వేసుకుంటారు. కొన్ని పైసల ఖర్చు, చాలామందికి పనిచేసింది. స్కోప్ బేసు స్క్రూలు కూడా విప్పించారు. అవి చిన్నవి, 45-70 పేలినప్పుడు వెనక్కి తన్నే తన్నుడు పెద్దది. నూనె తుడిచి, స్క్రూలు వదులవకుండా పట్టే నీలం రంగు లాక్‌టైట్ జిగురు చుక్క వేసి, ఎంత బిగువో కొలిచే టార్క్ స్క్రూడ్రైవర్‌తో బిగించాను. ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలని, కాల్చి చూశాకే ఇంకోటి ముట్టుకోవాలని ఆయన పట్టుబట్టారు. ఆ ఓపిక లేకపోతే దేనివల్ల బాగుపడిందో ఎప్పటికీ తెలిసేది కాదు.

మూడో కృతజ్ఞత మేం వెళ్లే షూటింగ్ రేంజ్‌లో పనిచేసే ఆఫీసరమ్మకు. నాకూ మా ఆవిడకూ ఇద్దరికీ ఆవిడే గురువు. ఇసుక సంచి ఫోరెండ్ కొసన పెట్టి కాల్చేవాళ్లను ఆవిడ వచ్చి ఆపుతారు. ఈ రకం తుపాకీకి సంచి వీలైనంత వెనక్కి, పిన్ను ఉన్నచోట ఫ్రేము కిందికి రావాలి. కొసన పెడితే తుపాకీ బరువంతా బ్యారెల్‌ను పైకి నెడుతుంది. అడవిలో కర్ర మీద ఆనించేటప్పుడు కూడా అదే చోట ఆనించమన్నారు. లేకపోతే రేంజ్‌లో కుదిరిన గురి అక్కడ కుదరదు.

ఆవిడ నేర్పిన ఇంకో సంగతి తన్నుడు గురించి. తుపాకీ మనకు తెలియకుండా ఆవిడే లోడ్ చేసి ఇస్తారు. ఒకసారి నిజం తూటా, ఒకసారి ఉత్త డమ్మీ. డమ్మీ ఉన్నప్పుడు ట్రిగ్గర్ నొక్కితే మూతి ఏమాత్రం ఊగినా, శరీరం దెబ్బకు ముందే బెదురుతోందని అర్థం. సింగిల్ షాట్ తుపాకీతో ఈ సాధన ఎంత సులువో! మా ఆవిడ చేతిలో తుపాకీ మూతి రాయిలా నిలిచింది. నా భుజం కుదుటపడేదాకా ఆఫీసరమ్మ డమ్మీలు పెడుతూనే ఉన్నారు. మూడు షాట్ల తర్వాత తుపాకీ తెరిచి పక్కన పెట్టి, బ్యారెల్ చేతికి చల్లగా తగిలేదాకా ఆగమనేవారు. వేటలో మనకు కావలసింది చల్లని బ్యారెల్ మొదటి షాటే కదా, దాన్నే విడిగా ఒక కాగితం మీద రోజూ గుర్తు పెట్టుకోమన్నారు. ఆ కాగితమే నాకు అన్నిటికన్నా ధైర్యమిచ్చింది.

నాలుగోది, తన పొలం చివరి అడవిలోకి రానిచ్చిన రైతుకు. ఒహాయోలో ప్రైవేటు భూమిలో వేటకు రాతపూర్వక అనుమతి ఉండాలి. కాగితం మీద సంతకం చేసి, ఏ చెట్టు దగ్గర నిలబడితే ఇళ్లవైపు కాల్చే అవసరం రాదో నడిచి చూపించారు. థాంక్స్‌గివింగ్ తర్వాతి వారం ఆరెంజ్ చొక్కాలు వేసుకుని వెళ్లాం. ఎనభై గజాల లోపే ఒక ఆడ జింక పక్కకు తిరిగి నిలబడింది. ఒక్క తూటా, నిలబడ్డ చోటునుంచి కొద్ది అడుగుల్లోనే పడిపోయింది. ఆ వేగం, ఆ శుభ్రత ఈ నలుగురి పుణ్యం. నేను చేసింది వాళ్లు చెప్పినట్టు చేయడమే.

జనవరిలో మజిల్‌లోడర్ సీజన్ ఉంది. 50 క్యాలిబర్ బ్యారెల్ పెట్టాక కొత్త పిన్ను దానికీ అంతే బిగువుగా పట్టింది, ఫోరెండ్ మాత్రం మళ్లీ కాగితం పెట్టి చూడాలి. కొలంబస్ చుట్టుపక్కల ఎవరికైనా ఇత్తడి పంచ్, టార్క్ స్క్రూడ్రైవర్ కావాలంటే నా దగ్గరున్నాయి, తీసుకెళ్లండి. టోలెడో అన్నా, మీ వాటా మాంసం ముక్కలు కొట్టించి ప్యాక్ చేయించాను. వదినను తీసుకుని ఆదివారం భోజనానికి రండి, ఇగురు మా ఆవిడ చేస్తానంది.